నెలలు నిండకుండ పుట్టిన పాపకి కళ్ళ టెస్ట్ చేయించమని రాసిన్రు, నిజంగ అవసరమా?

సూర్యాపేట_నాన్న:

అందరికీ నమస్తే. ఎప్పుడూ చదువుడే తప్ప ఇక్కడ రాసింది లేదు, తప్పులుంటే ఏమనుకోకండ్రి. మాకు పాప పుట్టింది, ఇయ్యాల్టికి 26 రోజులు. ఎనిమిదో నెల వడంగనే నొప్పులు వచ్చినయ్, డాక్టర్ లెక్క ప్రకారం 31 వారాలు, బరువు 1420 గ్రాములు. పుట్టంగనే బాక్సుల పెట్టిన్రు, ముక్కుకి సీప్యాప్ అని గొట్టం పెట్టిన్రు, తర్వాత ఆక్సిజన్, మొత్తం కలిపి తొమ్మిది రోజులు. బిల్లు సంగతి చెప్పను, మా ఆవిడ గాజులు కుదువ పెట్టినం. 24వ రోజు 1610 గ్రాములు ఉన్నదని ఇంటికి తెచ్చుకున్నం.

నిన్న రాత్రి ఫైల్ సర్దుతుంటే డిశ్చార్జ్ పేపర్ల ఆఖరి లైన్ల, మందుల లిస్ట్ కింద, చిన్న అక్షరాలతోటి ‘ఆర్‌ఓపీ స్క్రీనింగ్ ఎట్ 4 వీక్స్’ అని ఉన్నది. ఎవ్వరూ నోటితోటి చెప్పలే. పొద్దుగాల ఫోన్ చేస్తే రిసెప్షన్ల అమ్మాయి అది కళ్ళ టెస్ట్ సార్, మా దగ్గర లేదు, హైదరాబాద్ పోండ్రి అని పెట్టేసింది.

ఇంట్ల మా అమ్మ అస్సలు ఒప్పుకుంటలేదు. పిల్ల కళ్ళు మంచిగనే తెరుస్తున్నది, లైట్ దిక్కు తిరుగుతున్నది, నెల తక్కువ పిల్లని 40 రోజులు గడప దాటనియ్యద్దు, గాలి తగులుతది అంటున్నది. బాలింతని రెండున్నర గంటలు కార్ల కూసోబెట్టుడు కూడ నాకు భయమే. మూడో నెల టీకాలప్పుడు చూపిస్తే కాదా? ఆ టెస్ట్ ఎట్ల చేస్తరు, పిల్లకి నొప్పి అయితదా? గూగుల్ చేస్తే గుడ్డితనం అని వస్తుంది, అది చూసినప్పటి నుంచి మా ఆవిడ ఏడుపు ఆపుతలేదు, నేను కడుపుల మోయడం చేతగాక గిట్లయింది అంటున్నది. తెలిసినోళ్ళు చెప్పండ్రి.

బెజవాడ_కవలలమ్మ:

బ్రదర్ ముందు మీ ఆవిడకి చెప్పండి, తన తప్పు కాదని. నేను కూడా ఆరు నెలలు అదే ఏడుపు ఏడ్చాను, వేస్ట్.

మాకు కవలలు, 29 వారాలకే పుట్టారు, బాబు 1150, పాప 1080. ఇప్పుడు ఇద్దరికీ ఆరేళ్ళు, ఒకటో క్లాస్. మా అదృష్టం ఏంటంటే మేమున్న ఎన్‌ఐసీయూకి, అంటే పసిపిల్లల ఐసీయూకి, వారానికి ఒకసారి కళ్ళ డాక్టర్ గారు వచ్చేవారు, అందుకని మేం అడగకుండానే మూడో వారంలోనే చూసేశారు. ఈ ఆర్‌ఓపీ అంటే రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ, నెలలు నిండని పిల్లలకి కంటి లోపలి పొరకి వచ్చే జబ్బండి, ఐదు స్టేజీలుంటాయి. బాబుకి రెండో స్టేజ్ వరకు వచ్చి దానంతట అదే తగ్గిపోయింది. పాపకి మూడో స్టేజ్, గురువారం చూసి శుక్రవారమే లేజర్ చేసేశారండి, ఆలోచించుకుని చెప్తాం అని మా ఆయన అంటే డాక్టర్ గారు ఆలోచించుకోండి కానీ రేపు సాయంత్రం లోపు ఆలోచించుకోండి అన్నారు, అంత అర్జెంట్ అన్నమాట. పాపకి ఇప్పుడు మైనస్ నాలుగు కళ్ళజోడు ఉంది, అంతే. చదువుతుంది, గోడలన్నీ బొమ్మలు గీసి పెడుతుంది, సీరియల్ పేర్లు నాకంటే ముందు చదివేస్తుంది.

మీ అమ్మగారు అన్నట్టే మా అత్తగారూ అన్నారు, లైట్ వైపు చూస్తున్నారుగా అని. మా పాప కూడా చూసేదండి లైట్ వైపు! పైకి ఏమీ తెలీదు, అదే దీంతో వచ్చిన ప్రాబ్లం. ఎరుపు ఉండదు, పుసి ఉండదు, నీళ్ళు కారవు. ఫోటో తీస్తే కంట్లో తెల్లగా కనబడింది అని పరిగెత్తేసరికి చాలామందికి ఆలస్యమైపోయి ఉంటుంది.

మూడో నెల వరకు ఆగొద్దు. ఈ వారమే వెళ్ళండి.

గోదారోడు_77:

నేనొక మాట చెప్తాను, ఎవరూ తిట్టుకోవద్దు. మా వాడు కూడా ఎనిమిదో నెలలోనే పుట్టాడండి. ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు అని మా ఊర్లో ముసలోళ్ళంతా పెదవి విరిచేశారు. మావాడు బతికాడు, ఇప్పుడు పద్నాలుగేళ్ళు, పొద్దస్తమానం క్రికెట్టే. ఏ కళ్ళ టెస్టూ చెయ్యలేదు, ఎవరూ రాయలేదు కూడా. ఈమధ్య ప్రతిదానికీ టెస్ట్, ప్రతిదానికీ స్కాన్, ఆసుపత్రి వాళ్ళకి కళ్ళ ఆసుపత్రి వాళ్ళకి లింకులుంటాయి. పసిగుడ్డు కళ్ళు క్లిప్పులు పెట్టి తెరుస్తారంట, వింటేనే వొళ్ళు జలదరిస్తుంది. చూసుకుని చేయించుకోండి అంటున్నా అంతే.

బెజవాడ_కవలలమ్మ:

మీవాడు పుట్టినప్పుడు బరువెంత అన్నయ్యా? ఆక్సిజన్ పెట్టారా?

గోదారోడు_77:

రెండు కేజీల మూడొందలు. ఆక్సిజన్ ఏం లేదు, మూడో రోజు ఇంటికొచ్చేశాం.

కళ్ళజోడు_బాబాయ్:

అదీ సంగతి. 2300 గ్రాములు, ఆక్సిజన్ లేదు, మూడు రోజుల్లో ఇంటికి. అలాంటి బాబుకి మేము కూడా అంత కంగారు పడం. ఈ పాప 1420, తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉంది, రెండిటికీ పోలికే లేదు.

నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్ట్‌ని, అంటే చూపు పరీక్షలు చేసేవాణ్ణి, 15 ఏళ్ళుగా కళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తున్నా, అందులో కొన్నేళ్ళు ఈ చిన్నపిల్లల విభాగంలోనే. మన దేశంలో రూల్ ఏంటంటే 2000 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టినా, లేదా 34 వారాల కంటే ముందు పుట్టినా, ఈ టెస్ట్ చెయ్యాల్సిందే. 34 నుంచి 36 వారాల మధ్య పుట్టినవాళ్ళకి కూడా ఆక్సిజన్ పెట్టడం, ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించడం లాంటివి జరిగి ఉంటే చెయ్యాలి. మొదటి టెస్ట్ పుట్టిన 30 రోజుల లోపు. మరీ చిన్నపిల్లలకి, అంటే 28 వారాల లోపో 1200 గ్రాముల లోపో అయితే రెండు మూడు వారాలకే. మీకు ఇంకా నాలుగు రోజులు టైం ఉంది సూర్యాపేట బ్రదర్, అంటే మీరు లేట్ అవ్వలేదు, కరెక్ట్ టైంకే అడిగారు.

అసలు ఏమవుతుందో చెప్తా, మా నాన్న సాగర్ ఎడమ కాలవ కింద రైతు కాబట్టి నాకు ఇలాగే అర్థమైంది. కంటి వెనకాల పొర ఉంటుంది, రెటీనా. అదొక ఆయకట్టు అనుకోండి. దానికి రక్తనాళాలు కాలవల్లాగా మధ్యలో నుంచి మొదలై అంచుల దాకా పెరుగుతాయి. తల్లి కడుపులో నాలుగో నెలలో మొదలైన పని, ముక్కు వైపు అంచుకి 36 వారాలకి, చెవి వైపు అంచుకి 40 వారాలకి గాని చేరదు. బిడ్డ ముందే బయటికొచ్చేస్తే కాలవ తవ్వకం సగంలో ఆగిపోతుంది. పైగా కడుపులో ఉన్నప్పటి కంటే బయట ఆక్సిజన్ ఎక్కువ, మనం పెట్టే ఆక్సిజన్ ఇంకా ఎక్కువ, ఇక తవ్వాల్సిన అవసరం లేదనుకుని అక్కడే ఆగిపోతాయి. కొన్ని వారాలకి టెయిల్ ఎండ్ పొలం, అంటే కాలవ చివరి పొలం, ఎండిపోయి నీళ్ళు నీళ్ళు అని గోల మొదలుపెడుతుంది. ఆ గోలకి కాలవ అడ్డదిడ్డంగా గండ్లు పడి, ఎక్కడపడితే అక్కడ పిచ్చి కాలవలు పుడతాయి. అవి చిట్లుతాయి, మచ్చలు కడతాయి, ఆ మచ్చ లాగి లాగి చివరికి పొర మొత్తాన్ని ఊడదీస్తుంది. ఊడితే ఐదో స్టేజ్, అప్పుడు ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా చూపు వచ్చేది చాలా తక్కువ.

లేజర్ అంటే ఆ ఎండిన టెయిల్ ఎండ్ పొలాన్ని కాల్చేసి గోల ఆపడం. అంచుల్లో చూపు కొంచెం పోవచ్చు గానీ మధ్యలో చూపు మిగులుతుంది. కొన్ని కేసుల్లో కంట్లోకి ఇంజెక్షన్ కూడా ఇస్తున్నారు ఇప్పుడు. ఏదైనా గాని అవసరం అని తేలాక రెండు మూడు రోజుల్లో చెయ్యాలి. ఇంకో మాట, టెస్ట్ చేసిన పిల్లల్లో చాలామందికి ఏ ట్రీట్‌మెంట్ అక్కర్లేదు, కాలవ నిదానంగా తనంతట తానే అంచుకి చేరిపోతుంది. కానీ చేరిందో లేదో చూడకుండా తెలీదు కదా.

టెస్ట్ రోజు సంగతి: గంట ముందు నుంచి పాలు ఆపమంటారు, చుక్కలు రెండు మూడు సార్లు వేస్తారు, కంటిపాప పెద్దదవ్వడానికి ముప్పావు గంట పడుతుంది. తర్వాత పాపని గుడ్డలో గట్టిగా చుట్టి, కంటికి చిన్న క్లిప్ పెట్టి, డాక్టర్ తలకి లైట్ పెట్టుకుని లెన్స్‌తో చూస్తారు. ఏడుస్తుంది, అబద్ధం చెప్పను, నాకు ఇన్నేళ్ళైనా ఆ ఏడుపు అలవాటవ్వలేదు. తియ్యటి చుక్కలో అమ్మపాలో నాలుక మీద వేస్తే కొంచెం ఊరట. మొత్తం ఐదు పది నిమిషాలు. సాయంత్రానికి కాస్త ఎరుపు ఉంటుంది, అంతే. టోపీ, సాక్సులు, ఒక దుప్పటి ఎక్స్‌ట్రా పట్టుకెళ్ళండి, ఏసీ గదిలో కూర్చోబెట్టకండి.

సూర్యాపేట_నాన్న:

బాబాయ్, కాలవ ముచ్చట మా అమ్మకి చదివి వినిపించిన. మాది కూడ సాగర్ ఆయకట్టే. సగం మెత్తవడ్డది.

కని నాకు కోపం ఆగుతలేదు. 24 రోజులు అక్కడే ఉన్నం గద, పూటపూటకీ బిల్లు కట్టమని ఫోన్ చేసినోళ్ళు ఈ ఒక్క మాట నోటితోటి చెప్తే ఏం పోతుండె? నేను ఫైల్ తియ్యకపోతే ఏమయితుండె? పిల్లల డాక్టర్‌కి కళ్ళ డాక్టర్‌కి మధ్యల ఫోన్ ఉండదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

నీ కోపం కరెక్టే తమ్ముడూ. నేను గవర్నమెంట్ హాస్పిటల్ ఎస్‌ఎన్‌సీయూల, అంటే జబ్బు చేసిన పసిపిల్లల వార్డుల, స్టాఫ్ నర్స్‌ని, ఏ జిల్లానో చెప్పను. ఈ థ్రెడ్ నైట్ డ్యూటీల చదువుతున్న, పదహారు మంది పిల్లలు, ఇద్దరం సిస్టర్లం, ఒక బాబుకి ఇప్పుడే ఫీడ్ ఇచ్చి వచ్చి రాస్తున్న.

నిజం ఏందంటే ఈ పని ఎవరిదీ కాదు. బతికించుడు మా పని, కళ్ళు చూసుడు కళ్ళోళ్ళ పని, ఒకరి నుంచి ఇంకొకరికి చేర్చుడు ఎవ్వరి డ్యూటీ చార్ట్‌ల ఉండదు. డిశ్చార్జ్ రోజు చూడాలె మా దగ్గర, ఆ తల్లికి ఇల్లు తప్ప ఏం కనిపించదు, బయట ఆటో ఆగి ఉంటది, మామగారు తొందర పెడతడు, ఆ టైంల పది విషయాలు చెప్తం, గుర్తుండేది ఒక్కటి. పేపర్ ఇంగ్లీష్‌ల ఉంటది, ఇంటికి పోయినంక బీరువాల పడ్తది.

మా దగ్గర చేసిన పని చెప్త, చిన్నదే. ఒకసారి ఒక పాప రెండు నెలలకి వచ్చింది, అప్పటికే లేట్. ఆ రోజు మా ఇన్‌చార్జ్ సిస్టర్ అన్నం తినలే. తెల్లారి నుంచి కళ్ళ డేట్‌ని ఎర్ర మార్కర్‌తోటి టీకాల కార్డు మీద రాసుడు మొదలు పెట్టింది. ఎందుకంటే తల్లులు ఫైల్ పోగొట్టుకుంటరు గని టీకాల కార్డు పోగొట్టుకోరు, ఆశా వచ్చినప్పుడల్లా ఆ కార్డే అడుగుతది, ఎర్రగ ఉంటే ఇదేందమ్మా అని ఆమెనే గుర్తు చేస్తది. ఇంకోటి, ఒక నోట్‌బుక్. 34 వారాల లోపో రెండు కిలోల లోపో ఉన్న ప్రతి పిల్ల పేరు, ఫోన్ నంబర్, తండ్రిది ఒకటి అమ్మమ్మది ఒకటి, కళ్ళ డేట్. సోమవారం సోమవారం ఒక సిస్టర్ కూసోని ఫోన్లు కొడ్తది. యాప్ లేదు ఏం లేదు, రెండొందల పేజీల నోట్‌బుక్. ముందటి కంటే టెస్ట్‌కి పోయేటోళ్ళు చాన పెరిగిన్రు, అది నా కళ్ళతోటి చూస్తున్న.

ఇంక నీకు: హైదరాబాద్ పోయే ముందు మీ జిల్లా గవర్నమెంట్ హాస్పిటల్ ఎస్‌ఎన్‌సీయూకి రేపు పొద్దున ఫోన్ కొట్టు, కళ్ళ డాక్టర్ ఏ రోజు వస్తరు లేదా కెమెరా టీం ఏ రోజు వస్తది అని అడుగు. ప్రైవేట్‌ల పుట్టిన పిల్లలని చూడం అని అనరు. పిల్లల జబ్బులు ముందుగాల్నే పట్టేటందుకు ఆర్‌బీఎస్‌కే అని సర్కారు స్కీం 2013ల వచ్చింది, అందుల చూడాల్సిన 30 జబ్బులల్ల ఇది ఒకటి, ఆ పిల్లలని చూసేటందుకు డైక్ సెంటర్ అని ఉంటది జిల్లాల, వాళ్ళు రిఫర్ చేస్తే పెద్ద హాస్పిటల్‌ల పని సులువయితది. లేజర్ పడితే ఆరోగ్యశ్రీల వస్తదా అని ఆరోగ్యమిత్రని అడుగు. బండి కోసం 102కి ఫోన్ చేసి చూడు. రెండు రోజులల్ల దగ్గరల దొరకకపోతే మాత్రం ఎదురు చూడకు, సక్క హైదరాబాద్ పో.

పాపని కార్ల తీసుకపోయేటప్పుడు బ్యాగుల, తొట్టెల గాదు, మీ ఆవిడ ఛాతీకి అంటిపెట్టుకొని, చర్మానికి చర్మం, పైన చీర కొంగు, దుప్పటి. కంగారూ కేర్ అంటరు. మా దగ్గర అమ్మమ్మలకి చెప్తే ‘కంగారు ఎందుకు బిడ్డా, నిమ్మళంగనే ఉన్నం గద’ అంటరు, ప్రతిసారీ నవ్వొస్తది. ఆమెకి అలిసొస్తే నువ్వు చొక్కా ఇప్పి ఎత్తుకో, తండ్రులు కూడ చెయ్యొచ్చు. పిల్ల వెచ్చగ ఉంటది, ఊపిరి మంచిగ ఆడ్తది. మీ అమ్మ భయపడే గాలి సంగతి దీనితోటే తీరిపోతది.

గోదారోడు_77:

సిస్టర్ గారూ మీ నోట్‌బుక్ సంగతి చదివి నేను రాసిన లింకుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. లింకులు లేకపోవడమే ప్రాబ్లం లాగుంది.

పిల్లల_పీజీ:

గోదారోడు గారు భలే పాయింట్ పట్టుకున్నారు. నేను పీడియాట్రిక్స్ పీజీ సెకండియర్, ఈ జబ్బు చరిత్ర చదివినప్పటి నుంచి ఎవరికైనా చెప్పాలని ఉంది, కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక లేనివాళ్ళు వదిలెయ్యండి.

1942లో బోస్టన్‌లో టెర్రీ అనే కళ్ళ డాక్టర్ మొదటిసారి దీని గురించి రాశాడు, నెలలు నిండని పిల్లల కళ్ళల్లో లెన్స్ వెనక తెల్లటి పొర అని. తర్వాత పదేళ్ళలో ప్రపంచమంతా కలిపి దాదాపు పది వేల మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారని లెక్క. విచిత్రం ఏంటంటే ఎక్కువ పోయింది బాగా డబ్బున్న, మంచి ఎక్విప్‌మెంట్ ఉన్న ఆసుపత్రుల్లోనే. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. విటమిన్ అన్నారు, లైట్ అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. కళ్ళ డాక్టర్లకి తెల్లబడిన కళ్ళు కనబడేవి గానీ ఆ బిడ్డకి నాలుగు నెలల కింద వార్డులో ఏం పెట్టారో తెలీదు, పిల్లల డాక్టర్లకి ఆక్సిజన్ పెడితే గులాబీ రంగులోకొచ్చి బతికిన బిడ్డ కనబడేది గానీ ఇంటికెళ్ళాక కళ్ళేమయ్యాయో తెలీదు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అనే పిల్లల డాక్టరమ్మ, ఆక్సిజన్ ధారాళంగా పెట్టిన చోటే ఈ జబ్బు ఎక్కువుందని గమనించి రాసింది. అది తేల్చడానికి 1953లో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి ఒకే పద్ధతిలో స్టడీ చేశాయి, 1954కల్లా తేలిపోయింది, ఎక్కువ ఆక్సిజన్ ఎక్కువ రోజులు ఇవ్వడమే ప్రధాన కారణం అని. ఒక్క ఆసుపత్రి ఎంత పెద్దదైనా ఒంటరిగా తేల్చగలిగేది కాదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. భయపడిపోయి అందరూ ఆక్సిజన్‌ని బిగించేశారు, 40 శాతం దాటనివ్వలేదు, కళ్ళు మిగిలాయి గానీ ఊపిరాడక పిల్లలు చనిపోవడం పెరిగింది. ఒక చూపు కాపాడినందుకు దాదాపు 16 ప్రాణాలు పోయాయని 1973లో ఒకాయన లెక్క కట్టాడు. ఎంత పెట్టాలి అన్నది తేలడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది, అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు వేరువేరుగా చేసిన ఐదు ట్రయల్స్‌ని, సుమారు ఐదు వేల మంది పిల్లల డేటాని కలిపి చూసి 2018లో చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ 85-89 శాతంలో ఉంచితే కళ్ళ ట్రీట్‌మెంట్ తగ్గుతుంది కానీ చావులు పెరుగుతాయి, 91-95 మేలు అని. అందుకే మా వార్డుల్లో మానిటర్ 95 దాటితే కూడా మోగేలా అలారం పెట్టుకుంటాం. చదువుకోని అటెండర్లు అనుకుంటారు వంద ఉంటే ఫస్ట్ క్లాస్ అని, చదువుకున్నవాళ్ళూ అనుకుంటారు, నేనూ ఫస్టియర్‌లో అనుకున్నా. గాలిని ఆక్సిజన్‌ని కలిపే బ్లెండర్ లేని చోట సిలిండర్ నుంచి నేరుగా నూటికి నూరు శాతం ఇచ్చేస్తారు, మన దేశంలో పెద్ద బరువు పిల్లలకి కూడా ఈ జబ్బు రావడానికి అదొక కారణం. బయటి దేశాల్లో 1500 గ్రాముల దగ్గర గీత గీసుకుంటే మనం 2000 దగ్గర గీసుకోవాల్సి వచ్చింది.

కళ్ళజోడు_బాబాయ్:

పీజీ తమ్ముడు బాగా రాశాడు. మన దగ్గరి కథ కూడా కొంచెం చెప్పనివ్వండి. హైదరాబాద్‌లో 1990ల చివర్లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్ర జలాలి గారు, బిడ్డల్ని కళ్ళ ఆసుపత్రికి రమ్మనడం కాదు, మనమే నర్సరీలకి వెళ్దాం అని జంటనగరాల్లో స్క్రీనింగ్ మొదలుపెట్టారు. అప్పట్లో చాలామంది పిల్లల డాక్టర్లు మన దేశంలో ఇది లేదు కదా అనేవాళ్ళు. ఉంది, వెతకలేదు, అంతే తేడా.

తర్వాతి అడుగు బెంగళూరు వాళ్ళది. 2008లో నారాయణ నేత్రాలయ డాక్టర్ ఆనంద్ వినేకర్ గారి టీం కిడ్‌రాప్ అని మొదలుపెట్టింది. ఇది చూడగలిగే రెటీనా డాక్టర్లు చాలా తక్కువ, ఉన్నవాళ్ళు సిటీల్లోనే, పిల్లలేమో జిల్లాల్లో. అందుకని డాక్టర్‌ని కాకుండా కెమెరాని బండెక్కించారు. టెక్నీషియన్లకి ట్రైనింగ్ ఇచ్చి జిల్లా నర్సరీలకి పంపితే వాళ్ళు కంటి లోపల ఫోటోలు తీస్తారు, బెంగళూరులో డాక్టర్ ఫోన్‌లోనే చూసి చెప్తాడు. మొదట్లో డాక్టర్ కాని మనిషి పసిపిల్లల కళ్ళు ముట్టుకోవడమేంటి అని గొడవ చేశారు, మా ఫీల్డ్‌లోనే. నేను కూడా చేశాను. ఇప్పుడు నేనే తీస్తున్నా ఫోటోలు. ఆ ఫారిన్ కెమెరా ఖరీదు చూసి చిన్న ఆసుపత్రులు దండం పెట్టేవి, తర్వాత బెంగళూరులోనే ఫోరస్ అనే కంపెనీ మన దేశంలోనే ఒకటి తయారుచేసింది.

అయితే కెమెరా కంటే సిస్టర్ గారి ఎర్ర మార్కరే గొప్పదని నా అభిప్రాయం. మేము కెమెరా పట్టుకుని వెళ్ళిన రోజు పిల్లలు రాకపోతే దాన్ని మళ్ళీ డిక్కీలో పెట్టుకుని వచ్చేయడమే. అలా ఎన్నిసార్లు వచ్చామో.

బార్_అసోసియేషన్_బెంచీ:

లాయర్‌ని, ఒక్క ముక్క. 2015 జులైలో సుప్రీంకోర్టు తీర్పుంది ఇదే జబ్బు మీద. 1996లో చెన్నైలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకి 1250 గ్రాములతో పుట్టిన పాప, స్క్రీనింగ్ చెయ్యలేదు, చెప్పలేదు, చూపు పోయింది. తండ్రి దాదాపు రెండు దశాబ్దాలు తిరిగాడు, చివరికి సుమారు 1.8 కోట్లు ఇవ్వమన్నారు. ఆ తీర్పు వచ్చాక ఆసుపత్రులు డిశ్చార్జ్ పేపర్‌లో ఆ లైన్ వెయ్యడం పెరిగింది. సూర్యాపేట బ్రదర్‌కి వచ్చిన చిన్న అక్షరాల లైన్ కూడా అందులో భాగమే అని నా అనుమానం, బిడ్డ కోసం రాసింది కాదు, కోర్టు కోసం రాసింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

లాయర్ సార్ మాట చేదుగ ఉన్నది గని కాదనలేను. అయినా ఆ లైన్ అన్న ఉన్నందుకే గద ఈ తమ్ముడు అడిగిండు.

సూర్యాపేట_నాన్న:

నాలుగు రోజులాయె, అప్‌డేట్ ఇస్తున్న. సిస్టర్ అక్క చెప్పినట్టు జిల్లా హాస్పిటల్‌కి ఫోన్ చేసిన, కళ్ళ డాక్టర్ వచ్చేది వచ్చే వారం అన్నరు, అప్పటికి 30 దాటుతది గద, అందుకే ఆగలే. మా బామ్మర్ది కార్ల నిన్న తెల్లారి నాలుగింటికి బయలెల్లి హైదరాబాద్ పోయినం. మా అమ్మ కూడ వచ్చింది! రానన్న మనిషే ముందు సీట్ల కూసున్నది. దారి పొడుగునా పాప మా ఆవిడ ఛాతీ మీదనే, చౌటుప్పల్ కాడ ఆగి పాలిచ్చింది, అక్కడి నుంచి నేను చొక్కా ఇప్పి ఎత్తుకున్న, బామ్మర్ది అద్దంల చూసి నవ్వుడే నవ్వుడు.

అక్కడ పోయి చూస్తే బెంచీల నిండ మా లాంటోళ్ళే. ఆదిలాబాద్ నుంచి ఒకలు, కర్నూల్ నుంచి ఒకలు, అందరి చేతులల్ల గుప్పెడంత పిల్లలు. నేనొక్కన్నే అనుకున్న ఇన్ని రోజులు. చుక్కలు ఏసిన్రు, నలభై నిమిషాలు కూసున్నం. లోపటికి తీసుకపోయినప్పుడు ఏడుపు బయటిదాంక ఇనిపించింది, మా ఆవిడ చెవులు మూసుకున్నది, ఐదు నిమిషాలల్ల బయటికి తెచ్చిన్రు. బాబాయ్ చెప్పినట్టే కళ్ళు ఎర్రగయినయ్, రాత్రికి తగ్గినయ్.

రెండు కళ్ళల్ల జోన్ 2, స్టేజ్ 2 అని రాసిన్రు. ఇప్పుడు లేజర్ వద్దు, తగ్గొచ్చు పెరగొచ్చు, వారం రోజులకి మళ్ళ రావాలె, మానొద్దు అని మూడుసార్లు చెప్పిన్రు. డేట్ వచ్చే సోమవారం. అక్కడ కౌన్సిలర్ అమ్మ పాప ఫోటో చూపించి తెలుగుల చెప్పింది, కాలవ ఇక్కడిదాంక వచ్చింది, ఇంకా ఇంత పోవాలె అని వేలు పెట్టి చూపించింది. కాలవ అనలే ఆమె, రక్తనాళం అన్నది, మా అమ్మనే ‘టెయిల్ ఎండ్ దాంక ఇంకెన్ని రోజులు పడ్తది’ అని అడిగింది, ఆమెకి అర్థం గాక నా మొకం చూసింది.

ఒక డౌట్. సోమవారం లోపల కళ్ళల్ల ఏమన్న తేడా వస్తే ఇంట్ల మాకు తెలుస్తదా?

కళ్ళజోడు_బాబాయ్:

తెలీదు. మీకు కాదు, నాకైనా చూస్తే తెలీదు. తేదీ ఒక్కటే గుర్తు. జోన్ అంటే కాలవ ఎంత దూరం వచ్చిందో, స్టేజ్ అంటే జబ్బు ఎంత ముదిరిందో చెప్పేది. స్టేజ్ 2 అంటే భయపడకండి, ఇక్కడి నుంచి వెనక్కి తగ్గేవాళ్ళే ఎక్కువ. తగ్గినా సరే కాలవ అంచుకి చేరేదాకా పిలుస్తూనే ఉంటారు, ఇంకో మూడు నాలుగు సార్లు తిరగాల్సి రావచ్చు, పెట్రోల్ డబ్బులు పక్కన పెట్టుకోండి. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

బెజవాడ_కవలలమ్మ:

మేం ఏడుసార్లు తిరిగామండి. ఐదోసారికి బస్ కండక్టర్ కూడా పిల్లలెలా ఉన్నారమ్మా అని అడిగేవాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

తమ్ముడూ, మొదటి టెస్ట్ చేయించి రెండోదానికి పోనోళ్ళే మా నోట్‌బుక్‌ల ఎక్కువ. అంతా మంచిగనే ఉందన్నరు గద అనుకుంటరు. నీ టీకాల కార్డు తియ్యి, ఎర్ర పెన్నుతోటి సోమవారం డేట్ నువ్వే రాయి, రాసి ఫోటో ఇక్కడ పెట్టు. సోమవారం రాత్రి నేను డ్యూటీల ఉంట, మెసేజ్ రాకపోతే ఊకోను.

సూర్యాపేట_నాన్న:

ఎర్ర పెన్ను దొరకలే అక్కా, మా ఆవిడ పారాణితోటి రాసింది. ఫోటో పెడుతున్న చూడు.